చిన్న టి, పెద్ద టి

(హైదరాబాద్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులు, డీటీపీ పని చేసేవాళ్ళు, అనువాదకులు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. తెర మీద చూపించినవాటిని వీలైనంత వరకు మాటల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే.

మొదట మీకే ఒక ప్రశ్న. ఈ-ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది కదా, అదేంటి? అవునమ్మా, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. ఆ నాలుగు అక్షరాలూ ఎలా కొట్టాలి? క్యాపిటల్స్‌లో. కరెక్ట్. మరి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేశాక వాళ్ళు పంపే ఇంటిమేషన్ పీడీఎఫ్‌కి? పాన్ నంబరు, పుట్టిన తేదీ. పాన్ ఎలా కొట్టాలి?

చూశారా, సగం మంది క్యాపిటల్స్ అన్నారు. (నవ్వులు) స్మాల్ లెటర్స్‌లో కొట్టాలి. కార్డు మీద అచ్చయ్యేదేమో క్యాపిటల్స్‌లో. కార్డు ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు కొట్టినవాడికి ఫైలు తెరుచుకోదు. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. ఒకటి అలా, ఒకటి ఇలా. ఏ నెట్ సెంటర్ కుర్రాణ్ణి అడిగినా ఈ రెండూ నోటికి చెప్తాడు, ఎందుకంటే రోజూ ఎవరో ఒకరు టెన్షన్‌తో వచ్చి ‘పాస్‌వర్డ్ తప్పంటోంది, చూడన్నా’ అంటూనే ఉంటారు.

ఇవాళ నేను మాట్లాడేది ఇంత చిన్న విషయం గురించే. ఇంగ్లీషు అక్షరాల్ని క్యాపిటల్ నుంచి స్మాల్‌కి, స్మాల్ నుంచి క్యాపిటల్‌కి మార్చడం. పెద్దబడి, చిన్నబడి అనేవాళ్ళు మన పెద్దవాళ్ళు. వర్డ్‌లో అయితే షిఫ్ట్ పట్టుకుని ఎఫ్3 నొక్కితే చాలు. ఎక్సెల్‌లో అప్పర్, లోయర్, ప్రాపర్ అని మూడు ఫంక్షన్లున్నాయి. పైథాన్‌లో చుక్క పెట్టి అప్పర్ అంటే అయిపోయింది. ఇంత తేలిక కాబట్టే దీని గురించి ఎవరూ ఆలోచించరు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: అక్షరాలు అలా మార్చిన ప్రతిసారీ ఏదో ఒక సమాచారం పోయే అవకాశం ఉంది, పోయిందేమిటో మారిన అక్షరాలు చూస్తే తెలియదు.

కంప్యూటర్ దగ్గర నుంచి మొదలుపెడదాం. క్యాపిటల్ ఏ, స్మాల్ ఏ ఒకే అక్షరానికి రెండు రూపాలని దానికి తెలియదు. దాని లెక్కలో ఒకటి 65, ఇంకోటి 97. అక్షరాలకి ఇలా అంకెలిచ్చే ఆస్కీ పట్టిక 1963లో మొదటిసారి వచ్చినప్పుడు అందులో స్మాల్ లెటర్స్ లేనే లేవు. 1967 సవరణలో చేరాయి. ఆ కాలపు టెలిటైప్ యంత్రాల్లో చాలావాటికి క్యాపిటల్స్ తప్ప ఇంకోటి రాదు. ఫోర్‌ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ లాంగ్వేజీ పేరుని ఏళ్ళ తరబడి మొత్తం క్యాపిటల్స్‌లోనే రాసేవాళ్ళు. ఇప్పటికీ డేటాబేస్‌ని ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్, ఫ్రమ్, వేర్ అని అరిచినట్టు రాస్తాం చూడండి, అదీ ఆ పాతకాలపు అలవాటే.

స్మాల్ లెటర్స్‌ని చేర్చినప్పుడు మాత్రం తెలివిగా చేర్చారు. ఏ అక్షరం తీసుకున్నా క్యాపిటల్‌కీ స్మాల్‌కీ తేడా సరిగ్గా 32. అంటే ఒకే ఒక్క బిట్. ఆ బిట్ వెలిగితే స్మాల్, ఆరితే క్యాపిటల్. సీ లాంగ్వేజీ నేర్చుకునే రోజుల్లో ఇది చూసి మురిసిపోనివాళ్ళుండరు. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్ళినవాళ్ళు ఇక్కడ చాలామందే ఉండుంటారు. 32 కలుపు, 32 తీసెయ్ అని ప్రోగ్రామ్ రాసే ఉంటారు.

ఆ 32 తెలుగు మీద పడితే ఏమవుతుందో చూద్దాం. తెర మీద ‘క’ ఉంది. యూటీఎఫ్-8లో, అంటే ఇప్పుడు తెలుగుని కంప్యూటర్‌లో మామూలుగా దాచే పద్ధతిలో, దీన్ని మూడు బైట్లుగా, మూడు అంకెలుగా దాస్తారు: 224, 176, 149. తెలుగులో ఏ అక్షరం తీసుకున్నా, గుణింతం గుర్తయినా సరే, మొదటి బైటు 224. ఇప్పుడు పాతకాలపు ప్రోగ్రామ్ ఒకటుందనుకోండి. దానికి ప్రపంచ లిపుల్ని ఒకే పట్టికలో పెట్టిన యూనికోడ్ తెలియదు, ప్రతి బైటూ ఒక అక్షరమే అనుకుంటుంది, పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన లాటిన్-1 పట్టిక ప్రకారం క్యాపిటల్స్ చేస్తుంది. ఆ పట్టికలో 224 అంటే నెత్తిన చిన్న గీత ఉన్న ఫ్రెంచి ఏ. దాని క్యాపిటల్ 192. మిగతా రెండు బైట్ల జోలికి పోదు. అలా 224, 176, 149 కాస్తా 192, 176, 149 అయింది. 192 అనే బైటు యూటీఎఫ్-8లో ఎక్కడా రాకూడదు. అంటే మీ ‘క’ ఇప్పుడు ‘క’ కాదు, ఇంకో అక్షరమూ కాదు, చెల్లని సరుకు. పేజీలో తెలుగున్న చోటల్లా ప్రశ్నార్థకాలు, డబ్బాలు. స్మాల్ చేస్తే మాత్రం ఏమీ కాదు, ఎందుకంటే లాటిన్-1లో 224 అప్పటికే స్మాల్. అందుకే ఈ బగ్ దొరకడం కష్టం. టెస్ట్ చేసినవాడు స్మాల్ చేసి చూసి, బాగానే ఉందని వదిలేస్తాడు.

ఇప్పటి లాంగ్వేజీల్లో ఈ బాధ లేదు. పైథాన్ 3లో తెలుగు మాటకి అప్పర్ అంటే అదే మాట తిరిగొస్తుంది. ఇది క్యాపిటలా అని అడిగితే కాదంటుంది, పోనీ స్మాలా అని అడిగితే అదీ కాదంటుంది. నిజమే కదా! మనకీ, హిందీకీ, ఉర్దూకీ ఆ తేడాయే లేదు. మన ఊళ్ళో బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉంటే ఈ గోల ఇంగ్లీషు ఒక్కదానిదే.

అలాగని మనం తప్పించుకున్నామనుకోకండి. తెలుగుని ఇంగ్లీషు కీబోర్డు మీద కొట్టడానికి ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఉంది. అమెరికాలో రైస్ యూనివర్సిటీ పేరుతో వచ్చింది, తెలుగు టైపు చేసుకునే లేఖిని వాడినవాళ్ళకి చేతివేళ్ళకే తెలుసు. అందులో చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. చిన్న డి అంటే ద, పెద్ద డి అంటే డ. చిన్న ఎన్‌కి న, పెద్ద ఎన్‌కి ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. ఏకారం దీర్ఘం కావాలంటే పెద్ద ఈ. ఇంగ్లీషులో క్యాపిటల్ అంటే ఆడంబరం. ఇక్కడ అది వేరే అక్షరం.

‘పాత పాట’ అని కొట్టి దాన్ని ఆర్‌టీఎస్‌లోనే దాచుకున్నారనుకోండి. ఎవరో డేటాబేస్ శుభ్రం చేస్తున్నానంటూ మొత్తం లోయర్ చేశారు. తిరిగి తెలుగులోకి తెస్తే ఏమొస్తుంది? ‘పాత పాత’. (నవ్వులు) కళ కల అయిపోతుంది. పెళ్ళి పెల్లి అవుతుంది. మేడ మెద అవుతుంది. పాత పాత అని ఉన్నది చూసి అసలు ‘పాత పాట’ ఉండేదా, ‘పాట పాత’ ఉండేదా, నిజంగానే ‘పాత పాత’ ఉండేదా అని ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. దోసెల పిండి రుబ్బాక మినప్పప్పు ఏది, బియ్యం ఏది అని ఏరలేం కదా.

ఫోన్‌లో ఇంకో రకం. కొన్ని కీబోర్డులు వాక్యం మొదటి అక్షరాన్ని వాటంతట అవే క్యాపిటల్ చేస్తాయి. ‘నాకు తెలియదు’ అని కొట్టబోతే ‘ణాకు తెలియదు’ వస్తుంది. వెబ్‌సైట్లు కట్టేవాళ్ళు ఇక్కడున్నారు కాబట్టి చెప్తున్నా, హెచ్‌టీఎంఎల్‌లో ఆటోక్యాపిటలైజ్ అనే గుర్తు ఉంది, దాన్ని ఆఫ్ అని పెట్టండి, ఆ ణకారం పోతుంది.

డీటీపీ వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అను ఫాంట్లలో క్యాపిటల్ ఉండాల్సిన గదిలో ఒక తెలుగు ముక్క, స్మాల్ ఉండాల్సిన గదిలో దానితో సంబంధం లేని ఇంకో ముక్క ఉంటాయి. చత్తా బజార్‌లో పెళ్ళికార్డు కంపోజ్ చేస్తూ వర్డ్‌లో ఆటోకరెక్ట్ తీసెయ్యడం మర్చిపోతే, వాక్యం మొదట్లో పెళ్ళికొడుకు పేరు ఏమవుతుందో మీకే తెలుసు. వేరే చోట క్యాపిటల్ పొరపాటు అందం చెడగొడుతుంది, ఇక్కడ పేరే మార్చేస్తుంది.

పేర్లంటే గుర్తొచ్చింది, దీని దగ్గర కాస్త ఆగుతాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ ఇదే.

మన పదో తరగతి మెమోల్లో, చాలా ఫారాల్లో పేర్లు పూర్తిగా క్యాపిటల్స్‌లో ఉంటాయి. చెన్నమనేని, చెరుకూరి, చింతల లాంటి ఇంటిపేర్లున్నవాళ్ళు ఇనీషియల్ ఎలా రాస్తారు? ఒట్టి సీ అని రాయరు. సీ పెద్దది, హెచ్ చిన్నది, తర్వాత చుక్క. ఎందుకంటే మనకి చ ఒక్క అక్షరం, అది రాయడానికి ఇంగ్లీషులో రెండు కావాలి. భ అయితే బీ పెద్దది, హెచ్ చిన్నది. ఆ చిన్న హెచ్ ఏం చెప్తోంది? ‘నేను వేరే ఇనీషియల్‌ని కాదు, పక్కదానిలో భాగాన్ని’ అని చెప్తోంది. దాన్ని క్యాపిటల్ చేసిన క్షణంలో ఆ సంగతి పోయింది. ఇప్పుడది రెండు ఇనీషియల్సా, ఒకటేనా? ఎవరికీ తెలియదు. దాన్ని మళ్ళీ తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘చ’ అని రాయాల్సినవాళ్ళు ‘సీహెచ్’ అని రాస్తున్నారు. మహారాష్ట్ర గవర్నర్‌గా చేసిన విద్యాసాగర్‌రావుగారి ఇంటిపేరు చెన్నమనేని. పత్రికల్లో ఆయన పేరు ఎలా వస్తుంది? సీహెచ్ విద్యాసాగర్‌రావు. తెలుగు పేరు ఇంగ్లీషుకి వెళ్ళి తెలుగుకి తిరిగొచ్చేసరికి ఒక అక్షరం రెండయింది. ఇది ఇంకా పెద్ద నష్టమేం కాదు, అందరికీ అలవాటైపోయింది.

పాతబస్తీకి వెళ్దాం. ఎం పెద్దది, డి చిన్నది రాస్తే మహమ్మద్‌కి పొట్టి రూపం. రెండూ పెద్దవి రాస్తే రెండు ఇనీషియల్స్ కావచ్చు, డాక్టరుగారి డిగ్రీ కావచ్చు, కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ కావచ్చు. ఎస్ పెద్దది, కె చిన్నది అయితే షేక్. రెండూ పెద్దవైతే ఎస్.కె. అనే ఇనీషియల్స్. ఫారం నింపినాయన సరిగ్గానే నింపాడు, సాఫ్ట్‌వేర్ మొత్తం క్యాపిటల్ చేసి దాచింది. రేపు దాన్ని అందంగా చూపిద్దామని ఇంకో సాఫ్ట్‌వేర్ వస్తుంది. అది ఏం చేస్తుంది? ప్రతి మాటలో మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి చేస్తుంది. మహమ్మద్‌కి అదృష్టం కొద్దీ సరిపోతుంది. కె.వి.ఎస్. అనే మూడు ఇనీషియల్స్‌ని చుక్కల్లేకుండా కలిపి రాసుకున్నాయన మాత్రం పొట్టి మాటొకటి పేరుగా పెట్టుకున్నవాడైపోతాడు.

ఊరికే చెప్తున్నాననుకుంటారేమో, మన మెట్రో స్టేషన్ల పేర్లు క్యాపిటల్స్‌లో ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుని ప్రాపర్ ఫంక్షన్ వేసి చూడండి. మియాపూర్, అమీర్‌పేట, నాగోల్ బాగానే వస్తాయి. కేపీహెచ్‌బీ కాలనీలో కె మాత్రం పెద్దదిగా మిగిలి, మిగతా మూడూ చిన్నవైపోతాయి. ఆ ఇంగ్లీషు చదివితే ‘క్ఫబ్ కాలనీ’. (నవ్వులు) ఎన్‌జీఆర్ఐ ‘న్గ్రి’. జేఎన్‌టీయూ సంగతి మీరే పలికి చూడండి. ఈఎస్ఐ హాస్పిటల్, ఎల్‌బీ నగర్, ఎంజీ బస్ స్టేషన్, ఆర్‌టీసీ క్రాస్ రోడ్స్, అన్నీ అదే గతి. వీటిల్లో తెలివైన దొంగ హైటెక్ సిటీ. అందులో హైటెక్ అనేది హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ అనే పేరుకి పొట్టి రూపం, అయిదక్షరాలూ క్యాపిటల్స్‌లో ఉండాలి. ప్రాపర్ వేశాక మొదటి అక్షరమే పెద్దదవుతుంది, చూడ్డానికి మామూలు మాటలాగే ఉంటుంది కాబట్టి కంటికి దొరకదు. తప్పుగా కనిపించే తప్పుని దిద్దొచ్చు. ఇది అలా కనిపించదు.

నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా ఉంది కదా. ఇంగ్లీషులో ఎస్‌కి ముందు కొమ్ము లాంటి గుర్తు ఉంటుంది. ఎక్సెల్ ప్రాపర్‌కీ, పైథాన్‌లో టైటిల్ అనే ఫంక్షన్‌కీ ఆ గుర్తు తర్వాత కొత్త మాట మొదలైనట్టే లెక్క. మాట చివర ఎస్ కూడా పెద్దదై కూర్చుంటుంది. పైథాన్ వాళ్ళు తమ డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి ముందే చెప్పేశారు, అయినా కోడ్‌లో కనిపిస్తూనే ఉంటుంది.

అనువాదకులకి ఒక్కమాట చెప్పి ముందుకెళ్తాను. ఇంగ్లీషు హెడ్డింగుల్లో ఏ మాటకి క్యాపిటల్ అన్నదానికి ఒకే రూల్ లేదు. విత్, ఫ్రమ్ లాంటి నాలుగక్షరాల మాటల్ని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వాళ్ళ ఏపీ స్టైల్ క్యాపిటల్‌తో మొదలుపెట్టమంటుంది, పుస్తకాల వాళ్ళు వాడే షికాగో మాన్యువల్ చిన్నగానే ఉంచమంటుంది. క్లయింటుని అడిగి మొదలుపెట్టండి. అంతే, దీని మీద ఇంకా వాదించడం అనవసరం.

ఇప్పుడు ప్రోగ్రామర్ల సంగతి. రెండు మూడు మాటల్ని కలిపి ఒక పేరు పెట్టాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. జావాలో అయితే రెండో మాట నుంచి ప్రతి మాట మొదటి అక్షరం పెద్దది, అది క్యామెల్ కేస్. మొదటి మాటకీ పెద్దదే పెడితే పాస్కల్ కేస్, క్లాసులకి వాడతారు. పైథాన్‌లో కోడ్ ఎలా రాయాలో చెప్పే పెప్ 8 ప్రకారం ఫంక్షన్లకి అన్నీ చిన్నవే, మధ్యలో అండర్‌స్కోర్, అది స్నేక్ కేస్. వెబ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్‌లో మధ్యలో అడ్డగీత, కబాబ్ కేస్ అంటారు. ఒంటెలు, పాములు, కబాబులు, జంతుప్రదర్శనశాల పక్కన హోటల్ పెట్టినట్టుంది. (నవ్వులు)

వీటి మధ్య మార్పిడి చేసే ప్రోగ్రామ్ రాయమంటే అందరూ ముందు రాసేది ఇదే: క్యాపిటల్ కనిపిస్తే ముందు అండర్‌స్కోర్ పెట్టు, తర్వాత దాన్ని చిన్నది చెయ్యి. యూజర్ నేమ్ వరకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బ్రౌజర్‌లో సర్వర్ నుంచి డేటా తెచ్చే ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అనే పాత వస్తువు ఉంది. దాని పేరులో ఎక్స్‌ఎంఎల్ మూడక్షరాలూ పెద్దవి, హెచ్‌టీటీపీలో మాత్రం హెచ్ ఒక్కటే పెద్దది. ఒకే పేరులో రెండు పద్ధతులు! మన ప్రోగ్రామ్ దాన్ని నమిలితే ఎక్స్ అండర్‌స్కోర్ ఎం అండర్‌స్కోర్ ఎల్ అండర్‌స్కోర్... ఇలా వస్తుంది.

దీనికి మందు రెండు విడతల్లో ఉంది. మొదటి విడతలో, క్యాపిటల్స్ గుంపుగా వచ్చి చివరి క్యాపిటల్ తర్వాత స్మాల్ ఉంటే, ఆ చివరి క్యాపిటల్‌కి ముందు గీత పెట్టాలి. ఎక్స్, ఎం, ఎల్, హెచ్ వరసగా పెద్దవి, తర్వాత చిన్న టి ఉంది. కాబట్టి హెచ్‌కి ముందు గీత పడింది, ఎక్స్‌ఎంఎల్ విడిపోయింది. రెండో విడతలో, స్మాల్ లేదా అంకె తర్వాత క్యాపిటల్ వస్తే మధ్యలో గీత. చిన్న పి తర్వాత పెద్ద ఆర్ ఉంది, రిక్వెస్ట్ విడిపోయింది. చివర్లో అన్నీ చిన్నవి చెయ్యడం. ఇప్పుడు సరిగ్గా మూడు ముక్కలు వచ్చాయి.

బాగుంది, మరి వెనక్కి తెండి. ఎక్స్ పెద్దది, ఎం, ఎల్ చిన్నవి వస్తాయి. ఆ పేరుతో బ్రౌజర్‌లో ఏమీ లేదు, ఎర్రర్ కొడుతుంది. ఏది కరెక్ట్ అని పెద్దల్ని అడుగుదామంటే వాళ్ళలో వాళ్ళకే పడదు. పెప్ 8 ఇలాంటి పొడి అక్షరాల్ని అన్నీ క్యాపిటల్స్‌లోనే ఉంచమంటుంది. గూగుల్ జావా స్టైల్ గైడ్ వాటిని కూడా మామూలు మాటల్లాగే చూడమంటుంది, మొదటిదొక్కటే పెద్దది. నా ఓటు గూగుల్‌కి. అందంగా ఉండదు, నిజమే. కానీ మాట ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలైందో పేరులోనే తెలుస్తుంది, వెనక్కీ ముందుకీ మార్చినా మాటల హద్దులు పోవు.

ఇంకో చిక్కు ఉద్యోగంలో చేరాక ఎదురవుతుంది. సర్వర్ పైథాన్‌లో, బ్రౌజర్ జావాస్క్రిప్ట్‌లో. అటు నుంచి డేటా జేసన్ రూపంలో, అంటే ‘కీ’ అనే పేరు, పక్కన దాని విలువగా వస్తుంది; ఆ పేర్లు స్నేక్‌లో ఉంటాయి, ఇటు క్యామెల్‌గా మార్చుకోవడానికి మధ్యలో ఒక లైబ్రరీ పెడతారు. అది జేసన్‌లో కీ కనిపిస్తే చాలు మార్చేస్తుంది. ఆ కీ మీరు కోడ్‌లో పెట్టుకున్న పేరా, లేక డేటానా అన్నది దానికి పట్టదు. ఆర్‌టీఓ కోడ్ వారీగా బళ్ళ లెక్క పంపారనుకోండి, కీ స్థానంలో టీజీ అండర్‌స్కోర్ 09 ఉంది. బయటికొచ్చేసరికి అండర్‌స్కోర్ మాయం. మళ్ళీ సర్వర్‌కి పంపితే అది రాదు, ఎందుకంటే 09 అంకె, దానికి పెద్దా చిన్నా లేదు. ఇలాంటి లైబ్రరీ పెట్టేముందు ఏ కీలని ముట్టుకోకూడదో చెప్పే సదుపాయం ఉందో లేదో చూసుకోండి.

ఫైళ్ళ పేర్లు త్వరగా చెప్పేస్తాను. మామూలుగా విండోస్, మ్యాక్‌లు పెద్దా చిన్నా తేడా చూడవు, లైనక్స్ చూస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో నడిచిన కోడ్ సర్వర్‌లో ‘ఫైలు లేదు’ అంటే మొదట చూడాల్సింది అదే. లైనక్స్ కెర్నల్ కోడ్‌లోనే పెద్దా చిన్నా తప్ప ఇంకే తేడా లేని ఫైళ్ళ జంటలున్నాయి, మ్యాక్‌లో దించుకుంటే ఒకదాని మీద ఒకటి పడతాయి. లింకులు కూడా అంతే: డొమైన్ పేరు ఎలా కొట్టినా ఒకటే, దాని తర్వాతి ఏటవాలు గీత దాటాక వచ్చేది సర్వర్ ఇష్టం. యూట్యూబ్ వీడియో లింకులో పదకొండు అక్షరాల గుర్తుంటుంది, దాన్ని అందంగా ఉంటుందని అన్నీ చిన్నవి చేస్తే వీడియో దొరకదు.

ఇక ఇంగ్లీషు దాటి బయటికెళ్తే అసలు ఆట అక్కడుంది. టర్కీ వాళ్ళు 1928లో లాటిన్ లిపికి మారినప్పుడు ఐ అక్షరాల్ని రెండు పెట్టుకున్నారు. చుక్క ఉన్నదొకటి, లేనిదొకటి. చుక్క ఉన్నదాని క్యాపిటల్‌కీ చుక్క ఉంటుంది, లేనిదాని క్యాపిటల్‌కీ ఉండదు. నిజానికి మన ఇంగ్లీషు కన్నా వాళ్ళదే పద్ధతిగా ఉంది. కానీ జావాలో టైటిల్ అనే మాటని క్యాపిటల్స్‌లో రాసి, టర్కీ సెట్టింగున్న కంప్యూటర్‌లో లోయర్ చేస్తే చుక్క లేని ఐ వస్తుంది. మీ కోడ్‌లో ఉన్న మామూలు టైటిల్‌తో పోల్చితే కలవదు. హైదరాబాద్‌లో కూర్చుని రాసిన ప్రోగ్రామ్ ఇస్తాంబుల్‌లో ఆగిపోతుంది, ఇక్కడ ఎన్నిసార్లు నడిపినా బాగానే ఉంటుంది. లోయర్ ఫంక్షన్‌కి బ్రాకెట్లలో లోకేల్ రూట్ అని, అంటే ఏ దేశపు సెట్టింగూ వాడొద్దని, ఇస్తే సరిపోతుంది, జావా డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

జర్మన్‌లో ఎస్-జెట్ అనే ఒక్క అక్షరాన్ని అప్పర్ చేస్తే రెండు ఎస్‌లు అవుతాయి. మాట పొడవే మారిపోతుంది. దానికి సొంత క్యాపిటల్ 2008లో యూనికోడ్‌లోకి వచ్చింది, 2017లో జర్మన్ అధికారిక స్పెల్లింగ్ నియమాల్లోకి ఎక్కింది, అయినా పైథాన్‌ని అడిగితే ఇప్పటికీ రెండు ఎస్‌లే ఇస్తుంది. గ్రీకులో సిగ్మా మాట మధ్యలో ఒక రూపం, చివర్లో ఇంకో రూపం, క్యాపిటల్ మాత్రం ఒకటే. అందుకని రెండు మాటలు ఒకటేనా అని పోల్చడానికి లోయర్ చాలదు. పైథాన్‌లో 3.3 నుంచి కేస్‌ఫోల్డ్ అని వేరే ఫంక్షన్ ఉంది. అది చూపించడానికి కాదు, పోల్చడానికే.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఎంత దూరం వెళ్తుందో పాటలు వినిపించే స్పాటిఫై వాళ్ళే 2013లో రాశారు. యూజర్ పేరులో పెద్దా చిన్నా తేడా ఉండకూడదని వాళ్ళు పేరుని మొదట ఒక పద్ధతిలోకి మార్చి దాచేవాళ్ళు. యూనికోడ్‌లో పైకెత్తి రాసే బుల్లి క్యాపిటల్స్ ఉంటాయి, ఒకాయన వాటితో బిగ్‌బర్డ్ అని రిజిస్టర్ చేసుకున్నాడు. ఆ ఫంక్షన్ ఒకసారి నడిస్తే అవి మామూలు క్యాపిటల్స్ అయ్యాయి. ఆ పేరుతో ఎవరూ లేరు, ఖాతా ఇచ్చేశారు. తర్వాత పాస్‌వర్డ్ మర్చిపోయానన్నాడు, లింక్ ఆయన మెయిల్‌కే వెళ్ళింది. లింక్ నొక్కాక అదే ఫంక్షన్ ఆ పేరు మీద ఇంకోసారి నడిచింది. ఈసారి మామూలు క్యాపిటల్స్ కాస్తా స్మాల్ అయ్యాయి. ఆ పేరుతో అసలైన బిగ్‌బర్డ్ ఖాతా ముందే ఉంది, పాస్‌వర్డ్ మారింది దానికి! అడుగున ఉన్న లైబ్రరీ పాత యూనికోడ్‌ని నమ్ముకుని రాసింది, పైథాన్ మారింది, మధ్యలో ఈ సందు పుట్టింది. ఒకసారి మార్చినదాన్ని ఇంకోసారి మార్చినా అదే రావాలి. మీ కోడ్‌కి ఆ పరీక్ష రెండు లైన్లలో రాసుకోవచ్చు.

సరే, ఏం చెయ్యాలి? మనిషి రాసిన పేరుని రాసినట్టే దాచండి. క్యాపిటల్స్‌లో చూపించాలంటే చూపించే చోట మార్చండి, సీఎస్ఎస్‌లో టెక్స్ట్-ట్రాన్స్‌ఫార్మ్ ఉన్నది అందుకే. వెతకడానికి, పోల్చడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టి కేస్‌ఫోల్డ్ చేసిన రూపం దాచుకోండి. పాస్‌వర్డ్‌ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. పాన్, ఐఎఫ్ఎస్‌సీ, బండి నంబరు మాత్రం వేరు. వాటిల్లో పెద్దా చిన్నాకి అర్థమే లేదు, నిశ్చింతగా మార్చుకోవచ్చు. కానీ కొన్ని ఫారాలు ఏం చేస్తాయంటే, మనం చిన్నవి కొడితే ‘క్యాపిటల్ లెటర్స్ మాత్రమే’ అని ఎర్రక్షరాలతో తిడతాయి. ఒక్క లైను కోడ్‌తో తాను చెయ్యగలిగిన పనికి అరవయ్యేళ్ళ పెన్షనర్‌ని క్యాప్స్ లాక్ వెతికించడం నాకు ఒళ్ళు మండే విషయం.

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మాయికి మైక్ ఇవ్వండి.

(ప్రశ్న: సార్, పాస్‌వర్డ్‌లో కనీసం ఒక క్యాపిటల్ ఉండాలంటారు కదా. తెలుగులో పాస్‌వర్డ్ పెడితే?)

ఒప్పుకోదమ్మా. ఎంత పొడుగు పద్యం పెట్టినా అందులో క్యాపిటల్ ఉండదు కాబట్టి బలహీనం అంటుంది. అసలు ఆ రూలే పాతబడిపోయింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఇలాంటి షరతులు పెట్టొద్దంది, పొడవు చూడమంది. మన దగ్గర ఇంకా దిగిరాలేదు.

(ప్రశ్న: గో లాంగ్వేజీలో క్యాపిటల్‌తో మొదలైతేనే పేరు బయటికి కనిపిస్తుందంటారు. తెలుగు పేరు పెడితే?)

మంచి ప్రశ్న బాబూ. గోలో పేరు మొదటి అక్షరం క్యాపిటల్ అయితే వేరే ప్యాకేజీకి కనిపిస్తుంది, కాకపోతే కనిపించదు. మనకి క్యాపిటల్ లేదు కాబట్టి తెలుగు పేరు ఎప్పటికీ గడప దాటదు. ఇంకా అన్యాయం ఏంటంటే, గో పేర్లలో గుణింతపు గుర్తుల్ని ఒప్పుకోదు. ‘వల’ అని పెట్టుకోవచ్చు, ‘వాల’ అని పెట్టుకోలేం. ఇది లోపమేనని వాళ్ళ ప్రశ్నోత్తరాల పేజీలోనే రాసుకున్నారు. పైథాన్ నయం, ‘మొత్తం’ అని వేరియబుల్ పెట్టి హాయిగా నడుపుకోవచ్చు.

(అదే కుర్రాడు: మరి పైథాన్‌లో విలువ మారని కాన్‌స్టెంట్‌లకి అన్నీ క్యాపిటల్స్ పెట్టాలి కదా సార్, తెలుగులో అది కాన్‌స్టెంట్ అని ఎలా తెలుస్తుంది?)

పేరు చూసి తెలియదు. పైథాన్ 3.8 నుంచి టైపింగ్ మాడ్యూల్‌లో ఫైనల్ అని ఉంది. పేరు పక్కన అది రాసిపెడితే, తర్వాత ఎవరైనా దాని విలువ మారిస్తే కోడ్‌ని నడపకుండానే తప్పులు చూసే మైపై లాంటి చెకర్ పట్టుకుంటుంది. ఇంటర్‌ప్రెటర్ మాత్రం ఏమీ అనదు. క్యాపిటల్స్‌లో ఉన్న పేరు విలువ మార్చినా అది ఏమీ అనదులే.